గండికోట గాలికి నిలబడే స్టాండ్ ఏది?

తెల్లారుజామున 5 గంటల 40 నిమిషాలు. గండికోట లోయ అంచు. కింద పెన్నా ఇంకా నల్లగానే ఉంది. కొండల వెనక మాత్రం సన్నగా ఎరుపు మొదలైంది. శుక్రవారం రాత్రి బెంగళూరులో ల్యాప్‌టాప్ మూసి, బస్సెక్కి ప్రొద్దుటూరు చేరి, ఆదివారం చీకట్లోనే బైకు తీసిన మనిషిని నేను. అంతా ఈ పది నిమిషాల వెలుగు కోసమే.

ఫ్రేమ్ పెట్టాను. స్టాండ్ మధ్యలో ఉండే రాడ్డు పూర్తిగా పైకి లేపాను, ముందున్న బండ అడ్డం రాకుండా. ఫ్లాస్కులో టీ పోసుకుందామని రెండడుగులు వెనక్కి వేశాను. లోయలోంచి ఒక్కసారి గాలి లేచింది. వెనక టక్ మని శబ్దం. తిరిగి చూసేసరికి స్టాండ్ కాళ్లు పైకి, కెమెరా బండ మీదికి. లెన్సు కెమెరాకి తగులుకునే రింగు విరిగిపోయింది. ఆ కెమెరాకి ఇంకా మూడు ఈఎమ్‌ఐలు బాకీ ఉన్నాయి.

పక్కనే ఒక జంటతో ప్రీ వెడ్డింగ్ షూట్ చేస్తున్న జమ్మలమడుగు ఫోటోగ్రాఫరన్న పరిగెత్తుకొచ్చాడు. కెమెరాని ఒకసారి, స్టాండ్‌ని ఒకసారి చూశాడు. "కెమెరాకి లచ్చ పెట్టినావు, కాళ్లకి వెయ్యి పెట్టినావా అబ్బీ?" అన్నాడు.

తిట్టినట్టు లేదు. జాలిపడినట్టూ లేదు. లెక్క చెప్పినట్టుంది. ఆ లెక్క అర్థం కావడానికి నాకు రెండేళ్లు, నాలుగు స్టాండ్లు పట్టాయి. ఈలోపు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్య తిరుగుతూ స్టాండ్ మీద బతికేవాళ్లని చాలామందిని అడిగాను. వాళ్లు చెప్పింది, నా జేబు చెప్పింది కలిపితే ఈ కథ.

కాళ్లు వేరు, తల వేరు

మనం స్టాండ్ అని ఒకే మాటలో అనేస్తాం గానీ, అందులో రెండు వస్తువులుంటాయి. కింద మూడు కాళ్లు. వాటి మీద కెమెరాని పట్టుకుని తిప్పే భాగం, దాన్నే హెడ్ అంటారు. చవక స్టాండ్లలో రెండూ కలిపి బిగించేసి వస్తాయి, విడదీయలేం. కాస్త మంచివాటిలో విడివిడిగా కొనుక్కోవచ్చు. చాలావాటిలో కాళ్లకీ హెడ్‌కీ మధ్య 3/8 అంగుళాల స్క్రూ, హెడ్‌కీ కెమెరాకీ మధ్య 1/4 అంగుళాల స్క్రూ ఉంటాయి. కంపెనీ ఏదైనా దాదాపు ఇదే కొలత. అందుకే ఒకరి కాళ్ల మీద ఇంకొకరి తల బిగించుకోవచ్చు.

హెడ్‌లలో మనకి ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. బాల్ హెడ్ అంటే లోపల గుండ్రటి బంతి, ఒక నాబ్ వదులు చేస్తే ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. త్రీ వే హెడ్‌కి మూడు పిడులుంటాయి. పైకి కిందికి ఒకటి, పక్కకి ఒకటి, వంపు సరిచేయడానికి ఇంకొకటి. మూడోది వీడియోవాళ్ల ఫ్లూయిడ్ హెడ్. ఏది మంచిది అని అడగడం తప్పు ప్రశ్న. మన మూడు ఊళ్లలో మూడు పనులకి మూడు జవాబులు దొరికాయి.

జమ్మలమడుగు: గాలితో పేచీ

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే గండికోట. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన గండి పక్కన కట్టారు కాబట్టే ఆ పేరు. మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ లోపలే. కానీ ఇన్‌స్టాలో కనిపించేదంతా ఆ లోయే. ఇప్పుడు చుట్టుపక్కల జిల్లాల ప్రీ వెడ్డింగ్ షూట్లకి ఇదొక అడ్డా.

అన్నని తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగాను, ఆరోజు నేను చేసిన తప్పేంటని. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఒకటి, మధ్య రాడ్డు ఎత్తినావు. అది ఎత్తితే మూడు కాళ్ల స్టాండు కాదప్పా, ఒంటికాలి కర్ర. రెండు, సన్న కాళ్లు ముందు లాగినావు. లావు కాళ్లు ముందు లాగల్ల, అడుగున ఉండే సన్నవి ఆఖరికి. మూడు, కెమెరా బెల్టు గాలికి జెండా మాదిరి కొట్టుకుంటా ఉన్నింది. నాలుగు, దాన్ని ఇడిచిపెట్టి టీకి పోయినావు."

నాలుగోది విని నవ్వాను గానీ, అసలు తప్పు అదే.

గండికోట బండల మీద పనిచేసేవాళ్లు పాటించే పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. వాలు నేల మీద రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎత్తు వైపు పెడతారు. స్టాండ్ మధ్యలో కొక్కెం ఉంటే బ్యాగు తగిలిస్తారు. అయితే గాల్లో వేలాడేలా కాదు, నేలకి కొద్దిగా ఆనేలా. లేదంటే బ్యాగే ఉయ్యాలలా ఊగి స్టాండ్‌ని కదిలిస్తుంది. గాలి ఎక్కువైతే ఎత్తు తగ్గించి, కూర్చుని తీస్తారు. లోయ మరీ అంచుకి పోరు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి కాలు ఎక్కడుందో తెలియదు. చీకట్లో హెడ్‌ల్యాంప్ లేకుండా అక్కడ నడవకండి, ఇది మాత్రం సలహా కాదు, బతిమాలడం.

రాత్రి చుక్కల ఫోటోకైతే స్టాండ్ లేకుండా పని జరగదు. అమావాస్య రోజుల్లో, ఎండాకాలం తెల్లారుజామున పాలపుంత తీయడానికి వచ్చేవాళ్లు 500 లెక్క వాడతారు. 500ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, చుక్కలు గీతల్లా సాగకుండా ఎన్ని సెకన్లు షటర్ తెరిచి ఉంచొచ్చో సుమారుగా తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 20 ఎమ్ఎమ్ లెన్సు ఉంటే 25 సెకన్లు. మామూలు క్రాప్ సెన్సార్ కెమెరాలో 18 ఎమ్ఎమ్ అయితే 1.5తో గుణించి 27 అనుకోవాలి, అంటే దాదాపు 18 సెకన్లు. అన్ని సెకన్లు కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

ఒక జాగ్రత్త. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఇలాంటి చోట్ల చేత్తో పట్టుకుని ఫోటో తీస్తే ఎవరూ ఏమనరు, స్టాండ్ తెరిస్తే మాత్రం పర్మిషన్ అడుగుతారు. పెద్ద షూట్ అయితే ముందే అడిగి వెళ్లండి. కట్నం డబ్బుల్లో సగం పెట్టి డ్రెస్సులు తెచ్చుకున్న జంట గేటు దగ్గర నిలబడిపోతే బాగుండదు.

ప్రొద్దుటూరు: ఒక ముడి, ఒక హారం

మా ఊరు ప్రొద్దుటూరు అంటే బంగారం. కొట్టు తర్వాత కొట్టు. పెళ్లి బట్టలకీ నగలకీ పక్క జిల్లాల నుంచి వస్తారు. కాబట్టి ఇక్కడ కెమెరా పని కూడా రెండే, పెళ్లి లేదా నగ.

ముందు పెళ్లి. మా వీధి చివర స్టూడియో అన్న పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు. పేరు రాయొద్దన్నాడు, ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లి, రాత్రి 2 గంటల ముహూర్తం. ఆయన చేతిలో ఒక కెమెరా. మండపానికి ఎదురుగా స్టాండ్ మీద ఇంకొకటి, మొత్తం సీన్ రికార్డయ్యేలా ఆన్ చేసి వదిలేశాడు. జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టే టైముకి చుట్టాలంతా లేచి అక్షింతలు వేస్తూ చేతి కెమెరాకి అడ్డం పడ్డారు. పరవాలేదు, స్టాండ్ మీద ఉంది కదా అనుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, స్టాండ్ మీద కెమెరా పది నిమిషాల్లో మెల్లమెల్లగా ముందుకి వంగిపోయింది. బాల్ హెడ్ మీద బరువైన జూమ్ లెన్సు, బిగించినా జారింది. వీడియోలో తాళి కట్టే సమయానికి పీటలు, కాళ్లు, అరటాకు. అంతే.

"ఆ పిల్ల నాయనకి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది" అన్నాడు. "ఆయన తిట్టల్యా. అదే ఇంకా కష్టంగా అయింది. బ్యాలెన్సు డబ్బులు నేను అడగల్యా."

నెల తిరక్కుండా ఫ్లూయిడ్ హెడ్ కొన్నాడు. దాని లోపల కదిలే భాగాల మధ్య చిక్కటి ద్రవం ఉంటుంది. ఆ చిక్కదనం వల్ల పిడి తిప్పితే కెమెరా కుదుపు లేకుండా నెయ్యిలో గరిటె కదిలినట్టు కదులుతుంది. ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ అనే ఆయన 1940ల్లో తెచ్చిన పద్ధతి ఇది. సినిమా, టీవీ కెమెరాలన్నీ దీన్నే పట్టుకున్నాయి. మంచి ఫ్లూయిడ్ హెడ్‌లో ఇంకో సుగుణం కౌంటర్ బ్యాలెన్స్. లోపలి స్ప్రింగు కెమెరా బరువుని ఎదురు నెడుతుంది, కాబట్టి పిడి వదిలేసినా ముందుకి పడిపోదు. కొనేముందు కెమెరా బరువుకి అది సరిపోతుందో లేదో మాత్రం చూసుకోవాలి.

ఇప్పుడు కుర్రాళ్లంతా గింబల్ పట్టుకుని పరిగెత్తుతున్నారు కదా, స్టాండ్ ఎందుకని అడిగాను. "గింబల్ నడిచేదానికి. నిలబడేదానికి స్టాండే. పెండ్లిలో రెండు గంటలు నిలబడేది యాడ ఉంటుంది నీ చెయ్యి?" అన్నాడు.

రెండోది నగ. కొట్టు మేడ మీద చిన్న గదిలో టేబుల్, రెండు ఎల్ఈడీ లైట్లు, చుట్టూ తెల్లటి బటర్ పేపర్ గుడారం. బంగారం అద్దం లాంటిది, గదిలో ఏముంటే అది కనిపిస్తుంది, అందుకే ఆ కాగితం. అక్కడ పనిచేసే కుర్రాడు నాకంటే చిన్నవాడు. రోజుకి అరవై, డెబ్బై నగలు తీసి వాట్సాప్ గ్రూపుల్లోకి పంపాలి.

దగ్గర నుంచి మ్యాక్రో లెన్సుతో తీస్తే ఫోకస్‌లో ఉండేది బియ్యపు గింజ మందం కూడా ఉండదు. హారం పతకంలో ముందు రాయి క్లియర్‌గా ఉంటే వెనక రాయి మసక. అందుకే ఒకే నగని ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ 20, 30 ఫోటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుతాడు. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఆ ముప్పై ఫోటోల మధ్య కెమెరా కొంచెం కదిలినా మొత్తం మళ్లీ మొదటికే. బాల్ హెడ్ ఇక్కడ విసిగిస్తుంది. ఎడమకి కొంచెం జరుపుదామని వదులు చేస్తే పైకి కిందికి కూడా కదిలిపోతుంది. త్రీ వే హెడ్ అయితే ఒక్క పిడి తిప్పితే ఒక్క దిక్కే.

"కింద వీధిలో ట్రాక్టర్ పోతే ఆగుతానన్నా" అన్నాడు ఆ కుర్రాడు. "ఫ్యాన్ ఆపేస్తా. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు కట్టుకుని నిలబడతా. మా షేటు చూసి ఖాళీగా నిలబడినావేం రా అంటాడు."

ఇక స్టాండ్ తెరవకూడని చోటు కూడా ప్రొద్దుటూరులోనే ఉంది. దసరాకి అమ్మవారిశాల నుంచి తొట్టి మెరవణి వస్తుంటే ఆ రద్దీలో మూడు కాళ్లు పెడితే ముగ్గురు తట్టుకుని పడతారు. అప్పుడు ఒంటికాలి మోనోపాడ్, లేదంటే తెలిసినవాళ్ల మిద్దె. పిట్టగోడకి క్లాంప్ బిగించి పైనుంచి తీస్తే దీపాల వెలుగు, జనం అంతా ఒకే ఫ్రేమ్‌లో దొరుకుతుంది. కాళ్ల కంటే గోడే గట్టిది.

పులివెందుల: కొబ్బరి చిప్పల స్టాండ్

పులివెందుల దగ్గర మా మామ చీనీ తోట. బామ్మర్ది డిగ్రీ అయ్యాక తోట చూసుకుంటూ ఫోన్‌తో వీడియోలు తీస్తాడు. చీనీ కాయ మీద మంగు ఎట్లా వస్తుంది, డ్రిప్ పైపు మూసుకుపోతే ఏం చేయాలి, ఇలాంటివి. చూసేవాళ్లు మామూలు జనం కాదు, రైతులు. కింద కామెంట్లలో వాళ్ల కాయ ఫోటో పెట్టి, ఇది మంగేనా అన్నా అని అడుగుతారు. ఇతను మసగ్గా చూపిస్తే వాళ్లు తప్పు మందు కొడతారు. అందుకే వీడియో క్లియర్‌గా ఉండాలన్నది అతనికి లైకుల విషయం కాదు.

అతని దగ్గరున్నది మామూలు అల్యూమినియం స్టాండ్, దానికి ఫోన్ పట్టుకునే క్లాంపు. తోటకి నీళ్లు వదిలాక నేల మెత్తబడి కాళ్లు ఒక్కోటి ఒక్కో లోతుకి దిగబడేవి. ఫ్రేము మెల్లగా పక్కకి వాలేది. ఒకరోజు వెళ్లి చూస్తే మూడు కాళ్ల కింద మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఉన్నాయి.

"ఇదేం రా?" అన్నాను.

"ఫుట్ పాడ్ బావా. మీ బెంగళూరులో అయితే వెయ్యి రూపాయలు తీసుకుంటారు" అన్నాడు.

ఇంకో పాఠం కూడా అక్కడే నేర్చుకున్నాను. స్టాండ్ ఆపేది కెమెరాని మాత్రమే, చెట్టుని కాదు. ఆకు గాలికి ఊగుతుంటే ఎంత ఖరీదైన స్టాండైనా ఫోటో మసకే. వాడు రెమ్మకి బట్టల క్లిప్పు పెట్టి, ఆ క్లిప్పుని పుల్లకి కట్టి నేలలో గుచ్చుతాడు. లేదంటే గాలి పడే పొద్దున ఆరింటికే తీసేస్తాడు.

షూట్ అయ్యాక స్టాండ్ కాళ్లు విప్పి, బురద కడిగి, తుడిచి, ఆరబెడతాడు. పెన్నా ఇసుకైనా, తోట మట్టైనా కాళ్ల లాకుల్లోకి పోయిందంటే గరగరమంటాయి, తర్వాత బిగుసుకోవు. నా రెండో స్టాండ్ పోయింది ఇలాగే.

ఫోన్ ఉంటే స్టాండ్ ఎందుకు?

ఇది చదువుతున్న మీలో చాలామందికి కెమెరా లేదని తెలుసు. ఫోన్‌కి స్టాండ్ అవసరమా అంటే, పగలు అవసరం లేదు. రాత్రి మాత్రం తేడా మీ కళ్లతోనే చూస్తారు. 2019లో వచ్చిన ఐఫోన్ 11 నుంచి నైట్ మోడ్ ఉంది. చేతిలో పట్టుకుంటే కొన్ని సెకన్లే ఇస్తుంది, ఫోన్ కదలకుండా స్టాండ్ మీద ఉందని కనిపెడితే 30 సెకన్ల దాకా ఇస్తుంది. అదే ఏడాది వచ్చిన పిక్సెల్ 4లో చుక్కల కోసం ఉన్న మోడ్ అయితే దాదాపు 4 నిమిషాలు వెలుగు పోగేస్తుంది. అంతసేపు ఏ మనిషి చెయ్యీ నిలవదు. బటన్ నొక్కేటప్పుడు కదలకుండా 3 సెకన్ల టైమర్ పెట్టుకోండి, చాలు.

ఇదేం కొత్త కథ కాదు. గాజు పలకల కాలంలో వెలుగు పట్టడానికి సెకన్లకి సెకన్లు పట్టేది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పెద్ద పెట్టె కెమెరాని కర్ర స్టాండ్ల మీద పెట్టే పనిచేశాడు. కెమెరా జేబులోకి వచ్చింది గానీ, చీకటి మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే.

నా లెక్క, మీ జేబు

మొదటి స్టాండ్ 900 రూపాయలు. రెండోది 2,500. మూడోది 4,000. మొత్తం 7,400. కెమెరా, లెన్సు రిపేరుకి 18,500. నాలుగోది కాళ్లు, హెడ్ కలిపి 14,000. ముందే నాలుగోది కొనుంటే 25,900 మిగిలేవి. కోడ్ రాసేవాడిని, ఈ కూడిక రెండేళ్ల ముందు చేయలేకపోయాను.

కొనేముందు షాపులోనే చేయాల్సిన పరీక్షలు ఇవి:

1. మధ్య రాడ్డు ఎత్తకుండా స్టాండ్ మీ గడ్డం దాకా వస్తుందా చూడండి. హెడ్, కెమెరా కలిస్తే కంటికి అందుతుంది.

2. మీ బరువైన లెన్సు పెట్టి, హెడ్ బిగించి, గోడ మీద ఒక గుర్తు చూసుకోండి. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. గుర్తు జరిగితే ఆ హెడ్ వద్దు. పెళ్లి అన్న పాఠం ఇదే.

3. డబ్బా మీద రాసిన బరువుని పూర్తిగా నమ్మకండి. ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. మీ కెమెరా, లెన్సు బరువుకి కనీసం రెండింతలు మోసేది తీసుకోండి.

4. కార్బన్ ఫైబర్ తేలిక, అదురు తొందరగా తగ్గుతుంది, ధర ఎక్కువ. బైకు మీద, కొండ మీద తిరిగేవాళ్లకి పనికొస్తుంది. స్టూడియోలో ఉండేదానికి అల్యూమినియం చాలు.

5. కెమెరా అడుగున బిగించే ప్లేట్ ఆర్కా టైపు అయితే దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. ఒకటి అదనంగా బ్యాగులో వేసుకోండి. ప్లేట్ ఇంట్లో మర్చిపోతే స్టాండ్ చేతికర్రే.

6. స్టాండ్ మీద పెట్టాక లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ ఆపేయండి, ముఖ్యంగా పాత లెన్సులైతే. లేని కదలికని వెతికి అదే కదిలిస్తుంది.

మళ్లీ అదే బండ

మొన్న చలికాలం మళ్లీ గండికోట వెళ్లాను. అదే బండ, అదే టైము. ఈసారి రాడ్డు ఎత్తలేదు, బెల్టు తీసేశాను, బ్యాగు కొక్కేనికి తగిలించాను. టీ ఫ్లాస్కు ఇంట్లోనే వదిలేశాను.

నాకు పది అడుగుల దూరంలో ఒక పిల్లోడు, జమ్మలమడుగులో ఇంటర్ అంట. ఫోన్, సన్న కాళ్ల స్టాండ్, మధ్య రాడ్డు చివరిదాకా పైకి. గాలికి రెల్లు గడ్డిలా ఊగుతోంది. వెళ్లి రాడ్డు దించాను. కింది సన్న కాళ్లు లోపలికి తోసేశాను. స్టాండ్ వాడి మోకాలి దాకా వచ్చింది. వాడి నీళ్ల బాటిల్ తాడుతో మధ్యలో కట్టి నేలకి ఆనించాను.

"ఇంత పొట్టిగానా అన్నా?" అన్నాడు నమ్మకం లేనట్టు. తర్వాత బండ మీద బోర్లా పడుకుని తీశాడు. కింద నుంచి చూస్తే ముందున్న బండ, దాని వెనక లోయ, ఆపైన ఎరుపు. నా ఫ్రేమ్ కంటే అదే బాగుంది, నిజం చెప్పాలంటే.

సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో పంపి కింద ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, నేను ఏ స్టాండ్ కొనాల?"

"ఇప్పుడే ఏదీ కొనొద్దు రా. ఇంకో ఆరునెలలు దీన్నే పొట్టిగా పెట్టి తీయి. అప్పటికీ చాలకపోతే మళ్లీ అడుగు" అని పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మరుసటి ఆదివారం తెల్లారుజామున 6 గంటలకి ఇంకో ఫోటో వచ్చింది.